పాత పలకలు - మన తెప్పలు

ప్లేనోలో కాపురముంటున్న మనకు సముద్రం సుమారు 300 మైళ్ళ దూరం. అయినా సెలవులు వస్తే పిల్లలను వెంటబెట్టుకొని గాల్వెస్టన్ వెళ్ళిరావడం మనలో చాలామందికి అలవాటే. అక్కడ కొందరు పాతకాలపు పొడుగాటి సర్ఫు పలకల మీద నిలబడి, తీరిగ్గా కెరటాలపై జారివస్తుంటారు. వారిని చూచినప్పుడల్లా మాకు విశాఖ, భీమిలి తీరాల తెప్పలు గుర్తుకు వస్తాయి. ఈ రెంటి చరిత్రను పక్కపక్కన పెట్టి చూద్దామనే ఈ వ్యాసం.

ఈ పలకల పుట్టినిల్లు హవాయి. ప్రభువులు ఎక్కే పెద్ద పలకను 'ఓలో' అనేవారు. పలుచని చిన్న పలక 'అలాయా'. వీటి అడుగున రెక్క ఉండదు. 1935లో టామ్ బ్లేక్ అనే అమెరికన్ పలక నిలకడగా సాగడానికి రెక్క బిగించాడు. 1950ల చివర బాల్సా కొయ్య పోయి పాలియురిథేన్ నురుగు వచ్చింది. 1960ల చివర కొద్ది ఏళ్ళలోనే తొమ్మిది పది అడుగుల పలక ఆరేడు అడుగులకు దిగింది. పాతవి మూలపడ్డాయి.

అయితే వాటి గుణం పోలేదు. పొడుగు పలక చిన్న అలను కూడా అందుకుంటుంది. గాల్వెస్టన్ వంటి చోట ఉండేవి సాధారణంగా చిన్న అలలే. అలాయా కథ ఇంకా ముచ్చటైనది. హొనొలులులోని బిషప్ మ్యూజియంలో భద్రపరచిన పలకలను చూచి, టామ్ వెగెనర్ అనే పనివాడు 2000ల మధ్యలో ఆస్ట్రేలియాలో అటువంటివి చెక్కి, తానే ఎక్కి చూచాడు. వాటి వేగం చూచి తక్కినవారు ఆశ్చర్యపోయారు.

ఇక మన తెప్ప. తేలికైన కొయ్యదుంగలను తాళ్ళతో బిగించి కట్టినది. అల మీద పడినా నీరు దుంగల సందులలోంచి జారిపోతుంది గనుక మునగదు. ఒడ్డు చేరాక కట్లు విప్పి దుంగలను ఆరబెడతారు. వాడబలిజలు, జాలారులు వేట ముగించి వస్తూ, వెనుక లేచే కెరటాన్ని కనిపెట్టి, తెడ్డుతో దారి మళ్ళించుకుంటూ దానిమీదనే ఒడ్డుకు చేరేవారు. సరదాకు కాదు, పొట్టకూటికి. ఆంగ్లంలోని 'కాటమరాన్' అనే మాట కూడా తమిళుల 'కట్టుమరం' నుంచి వచ్చినదే.

1980ల నుంచి మన తీరంలో ఫైబర్ పడవలు, ఇంజన్లు వచ్చి తెప్పలు తగ్గిపోతూ వచ్చాయి. ఇందుకు జాలరులను తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఆ దుంగల మీద ప్రాణాలకు తెగించినవారు వారే గాని మనం కాదు. మా బాధ వేరు. అలాయాను తిరిగి చెక్కడానికి ఒక మ్యూజియం పలకను దాచి ఉంచింది. తెప్ప విషయంలో దుంగను దాచినా చాలదు. కట్టు వేసే చెయ్యి, అలను కనిపెట్టే కన్ను కూడా కావాలి. అవి వృద్ధుల వద్దనే ఉన్నాయి.

కనుక ఈ ఏడు విశాఖ వైపు వెళ్ళే సభ్యులకు మా మనవి. ఒక పూట తీరానికి వెళ్ళి, పెద్ద వయసు జాలరి పక్కన కూర్చోండి. ఏ కొయ్య వాడారో, ఏ దుంగను ఏమని పిలిచారో, ఏ కట్టు ఎలా వేశారో అడిగి వ్రాసుకొని రండి. వీలైతే తెప్ప ఎక్కించమనీ అడగండి. పాత పలక విలువ ఎక్కినవాడికే తెలిసింది. తెప్ప సంగతీ అంతే.