ఖిజాబ్, కాలీ మెహందీ: నలుపు వెనక ఉన్న పీపీడీతో జాగ్రత్త

బాన్సువాడ: ఏ కిరాణా దుకాణంలో అడిగినా ఖిజాబ్ దొరుకుతుంది. షాంపూ ప్యాకెట్ల పక్కనే వేలాడుతుంటుంది. చాయ్ బిస్కెట్ ఖర్చులో వచ్చే ప్యాకెట్ కాబట్టి కొనేవాళ్లు వెనక్కి తిప్పి చదవరు. షాదీకో ఈద్‌కో ముందు రోజు రాత్రి గిన్నెలో కలిపి, పాత టూత్‌బ్రష్‌తో పూసుకుని, పొద్దున కడిగేసుకుంటారు. నూటికి తొంభై సార్లు ఏమీ కాదు. మిగతా సార్లు ఏమవుతుందో తెలియాలంటే ఆ నలుపు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలి.

ఆ నలుపుకు కారణం పారా-ఫినిలీన్ డైఅమైన్ అనే రసాయనం. పొట్టిగా పీపీడీ అంటారు. జర్మనీ శాస్త్రవేత్త హాఫ్‌మన్ దీన్ని 1863లో గుర్తించాడు. 1880ల నుంచి జుట్టు రంగుల్లో వాడుతున్నారు. దీనికి సొంతంగా నలుపు లేదు. చిన్న అణువు కాబట్టి వెంట్రుక లోపలికి దూరిపోతుంది. అక్కడ గాలిలోని ఆక్సిజన్‌తోనో, ప్యాకెట్‌తో వచ్చే పెరాక్సైడ్‌తోనో కలిసి పెద్ద రంగు అణువుగా మారుతుంది. పెద్దదయ్యాక బయటికి రాలేదు, అందుకే సబ్బు పెట్టినా పోదు. ఇంత చవకగా, ఇంత గట్టిగా నలుపు ఇచ్చేది ఇంకోటి దొరక్కే కంపెనీలు నూటయాభై ఏళ్లు కావస్తున్నా దీన్ని వదల్లేదు.

నలుపు ఖిజాబ్ జాయిజా కాదా అన్నది ఉలమా చెప్పాల్సిన విషయం. ఇక్కడ చెప్పేది ఒంటికి సంబంధించిన సంగతి మాత్రమే.

మూడు పేర్లు, ఒకే మందు

ఇంట్లోకి పీపీడీ మూడు రూపాల్లో వస్తుంది. మొదటిది సీసాలో వచ్చే నల్ల ఖిజాబ్, క్రీమ్ డైలు. వీటి మీద పేరు రాసి ఉంటుంది. రెండోది "కాలీ మెహందీ" పేరుతో అమ్మే పొడి. ముందువైపు గోరింటాకు కొమ్మ బొమ్మ, "హెర్బల్" అన్న మాట ఉంటాయి. వెనక చిన్న అక్షరాల్లో పీపీడీ కనిపిస్తుంది. మూడోది అన్నిటికంటే చెడ్డది. చేతులకు పెట్టుకోవడానికి అమ్మే నల్ల మెహందీ కోన్. చాలావాటి మీద తయారీదారు పేరు కూడా ఉండదు.

లేబుల్ మీద ఇది ఎప్పుడూ ఒకే పేరుతో రాదు. పీపీడీ, పి-ఫినిలీన్ డైఅమైన్, 1,4-బెంజీన్ డైఅమైన్, లేదా సీఐ 76060 అన్న నంబర్, వీటిలో ఏది కనిపించినా అదే మందు. చదవడం కష్టమైతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడొచ్చు. అసలు ఏమేం కలిపారో రాయని ప్యాకెట్‌ని కొనకపోవడమే మంచిది.

గోరింటాకు రంగు లాసోన్ అనే పదార్థం నుంచి వస్తుంది. ఆకు నూరి పెడితే మొదట నారింజ రంగు వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ముదిరి ఎరుపు గోధుమ రంగులోకి వెళ్తుంది. ఎంతసేపు ఉంచినా బొగ్గులాంటి నలుపు రాదు. అసలు మెహందీ ముద్ద ఆకుపచ్చ-గోధుమ రంగులో ఉంటుంది, ఎండు గడ్డి వాసన వేస్తుంది. అందుకని చాంద్ రాత్ నాడు ఎవరైనా "అరగంటలో నల్లగా పండుతుంది బాజీ" అని కోన్ చేతిలో పెడితే అది గోరింటాకు కాదని అర్థం. ఐదు నిమిషాల్లో ఎర్రగా పండే "ఎమర్జెన్సీ" కోన్లనూ నమ్మకూడదు. వాటిలో పిక్రమేట్ అనే ఇంకో సింథటిక్ రంగు బయటపడ్డ సందర్భాలున్నాయి.

యూరప్‌లో జుట్టు రంగు కలిపాక అందులో పీపీడీ 2 శాతం దాటకూడదు. చర్మం మీద గీయడానికి అసలు ఒప్పుకోరు. నల్ల మెహందీని పరీక్షిస్తే కొన్నింటిలో 15 శాతం పైనే తేలింది. జుట్టుకే 2 శాతం చాలనుకున్న మందును అన్ని రెట్లు ఎక్కువగా, నేరుగా చిన్నపిల్ల అరచేతి మీద గంటలపాటు ఉంచుతున్నారన్నమాట.

అలర్జీ వస్తే గీసిన డిజైన్ మేరకే బొబ్బలు లేస్తాయి. పూవు గీస్తే పూవు ఆకారంలోనే. అదే రోజు రావాలని లేదు, వారం పది రోజులకూ రావొచ్చు. అప్పటికి ఈద్ అయిపోయి ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు "ఎండ తగిలింది", "ఏదో కుట్టింది" అనుకుంటారు. బొబ్బలు మానినా మచ్చ నెలల తరబడి ఉండొచ్చు.

నెలల పసిపాపలకు అసలు గోరింటాకు కూడా పెట్టకూడదు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పిల్లల్లో లాసోన్ చర్మం గుండా లోపలికి వెళ్లి రక్తకణాలు పగిలేలా చేస్తుంది. పచ్చకామెర్లు, రక్తహీనత వస్తాయి. ఆ లోపం ఉందో లేదో చాలా కుటుంబాలకు తెలియదు. కాబట్టి అఖీఖాకి పాప చేతిలో చుక్క పెట్టే నానీ, దాదీలకు ఈ సంగతి చెప్పడం మంచిది.

"ఇన్నేళ్లుగా వాడుతున్నా" అన్న ధీమా

ఖిజాబ్ గురించి ఎక్కువగా వినిపించే మాట "ఇన్నేళ్లుగా వాడుతున్నా, నాకేం కాలేదు" అని. ఇది తప్పు లెక్క. పీపీడీ అలర్జీ పుట్టుకతో వచ్చేది కాదు, వాడుతూ వాడుతూ తయారవుతుంది. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఒకసారి దీన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటే ఇక మరిచిపోదు. పదేళ్లు ఏమీ కానివారికి పదకొండో ఏట కనురెప్పలు మూసుకుపోయేంత వాపు రావొచ్చు. అమెరికాలోని చర్మ అలర్జీ డాక్టర్ల సంఘం 2006లో పీపీడీని "ఆ ఏటి అలర్జీ కారకం"గా ప్రకటించింది.

చిన్నప్పుడు నల్ల మెహందీతో ఒకసారి బొబ్బలు వచ్చిన అమ్మాయి పెద్దయ్యాక తలకు రంగు వేసుకుంటే ముఖమంతా వాచే ప్రమాదం ఉంది. అంతటితో ఆగదు. పీపీడీని పోలిన పదార్థాలు ఉన్న కొన్ని ముదురు రంగు బట్టలు, నల్ల రబ్బరు, బెంజోకైన్ అనే మొద్దుబార్చే మందు, కొన్ని సల్ఫా మందులు కూడా కొందరికి పడకపోవచ్చు. ఒకసారి రియాక్షన్ వచ్చినవాళ్లు పళ్ల డాక్టర్ దగ్గరైనా, ఆపరేషన్ ముందైనా ఆ మాట చెప్పి తీరాలి.

చట్టం రాయమన్న జాగ్రత్తలు

ఇది కొత్త సంగతేం కాదు. 1945 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లోని 149వ రూలు పీపీడీ ఉన్న జుట్టు రంగుల మీద హెచ్చరికను ఇంగ్లీషులోనూ స్థానిక భాషల్లోనూ, లోపలి లేబుల్ మీదా బయటి లేబుల్ మీదా రాయాలని చెప్పింది. చర్మానికి పడకపోవచ్చు, ముందు పరీక్షించుకోండి, కనుబొమలకూ కనురెప్పలకూ వాడితే చూపు పోవచ్చు అన్నది దాని సారం. అక్షరాలు ఆవగింజంత ఉంటాయి కాబట్టి ఎవరి కంటా పడదు.

ఆ రూలు చెప్పిన పరీక్ష తేలికే. చెవి వెనకో, మోచేతి లోపలివైపో కొంచెం చోటు సబ్బుతో కడిగి, వాడబోయే విధంగానే కలిపిన రంగు చుక్క పెట్టి ఆరనివ్వాలి. 24 గంటల తర్వాత కడిగి చూడాలి. దురద, ఎరుపు, వాపు ఏదీ లేకపోతే వాడుకోవచ్చు. ఇంకో రోజు ఆగి చూస్తే ఇంకా మంచిది, ఎందుకంటే కొందరికి ఆలస్యంగా వస్తుంది. ఒక్కసారి చేసి వదిలేయడం కాదు, ప్రతిసారీ చేయాలని ఆ రూలు చెప్పింది. ఇంతకుముందు ఎప్పుడైనా రియాక్షన్ వచ్చినవాళ్లు మాత్రం ఇంట్లో ఈ పరీక్ష కూడా చేసుకోకూడదు. వాళ్లు పీపీడీని పూర్తిగా మానేసి చర్మ డాక్టర్‌ని అడగాలి.

వేసుకునే రోజు తలలో పుండ్లు, గోకిన గాట్లు ఉంటే వాయిదా వేయాలి. నుదుటి అంచున, చెవుల మీద వాజిలైన్ రాసుకుంటే చర్మానికి అంటదు. ప్లాస్టిక్ గిన్నెలోనే కలపాలి. ప్యాకెట్ మీద ఉన్న నిమిషాలకంటే ఎక్కువ ఉంచకూడదు, రాత్రంతా ఉంచుకుని పడుకోవడం అసలు కూడదు. తర్వాత నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. కంట్లో పడితే నలపకుండా పదిహేను ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గడ్డానికి వేసుకునేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. పెదవులు, ముక్కు పక్కనే ఉంటాయి, కింద చర్మం కూడా పలచన. అందుకే గడ్డానికి ఉత్త గోరింటాకే మేలు. ఎరుపు వస్తుందని సిగ్గుపడాల్సిన పని లేదు. యూరప్‌లో ఈ రంగులు 16 ఏళ్ల లోపువాళ్లకు కాదని లేబుల్ మీదే రాస్తారు. తెల్లవెంట్రుకలు వచ్చిన స్కూలు పిల్లలకు రంగు వేసే తల్లులు అది గమనించాలి. గర్భిణులు డాక్టర్‌ని అడిగి వేసుకోవాలి.

మిగిలిపోయిన కలిపిన రంగును సీసాలో పోసి మూత బిగించి దాచకూడదు. పెరాక్సైడ్ గ్యాస్ పట్టి సీసా పగలొచ్చు.

సెలూన్లలో పనిచేసేవాళ్ల కష్టం వేరు. ఇంట్లో మనిషి నెలకోసారి ముట్టుకుంటే వాళ్లు రోజూ ముట్టుకుంటారు. వేళ్ల సందుల్లో పగుళ్లు, దురద మొదలైతే చాలామంది సబ్బు వల్లనుకుని వదిలేస్తారు. గ్లోవ్స్ వేసుకోవాలి, అవీ నైట్రైల్ రకం. పలచటి రబ్బరు గ్లోవ్స్‌ని పీపీడీ దాటుకుని వస్తుంది. వాడినవి కడిగి, తిరగేసి మళ్లీ తొడుక్కోవడం మహా తప్పు. మందు లోపలే ఉండి చేతికి పట్టుకుంటుంది.

కడుపులోకి వెళితే

ఇదే అన్నిటికంటే బరువైన విషయం. 2007లో హైదరాబాద్ నిమ్స్ కిడ్నీ డాక్టర్లు ఒక వైద్య పత్రికలో పీపీడీ మింగడం గురించి రాస్తూ కిడ్నీలు దెబ్బతినడానికి అది "అరుదైన" కారణం అన్నారు. 2010కి వెల్లూరు సీఎంసీ డాక్టర్లు దాన్నే "పెరుగుతున్న సమస్య" అని రాశారు. ఆ తర్వాత ఆంధ్ర, తెలంగాణ ఆస్పత్రుల నుంచి ఇలాంటి రిపోర్టులు వస్తూనే ఉన్నాయి. సూడాన్, మొరాకో, పాకిస్తాన్‌లోనూ ఇదే కథ. అక్కడ గోరింటాకులో కలిపే నల్ల రాయి రూపంలో దొరుకుతుంది, ముల్తాన్ వైపు "కాలా పత్థర్" అంటారు. మింగేవాళ్లలో ఎక్కువమంది పడుచువాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు. ఇంట్లో గొడవ, ఒక్క క్షణం కోపం, చేతికందే దూరంలో సీసా. కొన్నిసార్లు పసిపిల్లలు తెలియక నోట్లో పెట్టుకుంటారు.

మొదటి గంటలో మనిషి బాగానే కనిపించొచ్చు. "కక్కేసింది, పడుకోబెట్టాం" అని ఇంట్లోవాళ్లు ఆలస్యం చేసేది అప్పుడే. కొన్ని గంటల్లో ముఖం, మెడ, నాలుక వాచి ఊపిరి ఆడదు. అప్పుడు గొంతుకు రంధ్రం చేసి ట్యూబ్ వేయాల్సి రావొచ్చు. ఆ తర్వాత కండరాలు దెబ్బతిని, అందులోంచి వచ్చే పదార్థం కిడ్నీల్లో ఇరుక్కుంటుంది. మూత్రం చాయ్ డికాషన్ రంగులోకి మారుతుంది. గుండెకూ దెబ్బ తగలొచ్చు. దీనికి విరుగుడు మందు లేదు. అయినా వాపు రాకముందే ఆస్పత్రికి చేరితే ఊపిరి నిలబెట్టి, సెలైన్ ఎక్కించి, అవసరమైతే డయాలిసిస్ చేసి కాపాడతారు. దెబ్బతిన్న కిడ్నీలు చాలామందిలో కొన్ని వారాల్లో తిరిగి పనిచేస్తాయి.

కాబట్టి అనుమానం వచ్చిన నిమిషంలోనే 108కి ఫోన్ చేయాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించకూడదు. పాలు, నిమ్మరసం పోయకూడదు. సీసానో ప్యాకెట్‌నో వెంట తీసుకెళ్లాలి. బాన్సువాడ ఏరియా ఆస్పత్రిలో మొదటి చికిత్స చేయించి, డాక్టర్లు నిజామాబాద్‌కో హైదరాబాద్‌కో పంపితే "రేపు చూద్దాం" అనకుండా అప్పుడే బయల్దేరాలి, ఎందుకంటే దారిలోనే గొంతు వాచొచ్చు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం నంబర్ 1800 116 117. డాక్టర్లూ మాట్లాడొచ్చు, ఇంట్లోవాళ్లూ మాట్లాడొచ్చు.

పోలీసు కేసు అవుతుందని, పరువు పోతుందని "దగ్గు మందు తాగింది" అని అబద్ధం చెప్పే కుటుంబాలున్నాయి. డాక్టర్‌కి నిజం తెలియకపోతే గొంతు సంగతి ముందుగా చూడలేడు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి ప్రయత్నం చేసిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు. ఇంట్లో ఎవరైనా దిగులుగా, మాట్లాడకుండా ఉంటున్నారనిపిస్తే టెలీ మానస్ 14416కి రాత్రైనా పగలైనా చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

అలాంటి ఇంట్లో ఖిజాబ్ సీసాని బాత్రూం గూట్లో ఉంచకూడదు. ఒకసారికి సరిపడా కొని, మిగిలింది అప్పుడే పారబోసి, ఖాళీ సీసా కడిగి చెత్తలో వేయడమే సులువు. దాచాల్సి వస్తే తాళం వేసిన బీరువాలో, దాని సొంత సీసాలోనే ఉండాలి. కూల్‌డ్రింక్ బాటిల్లో పోసి పెట్టడం ఎప్పుడూ వద్దు.

పేరూ చిరునామా లేని నల్ల కోన్లు అమ్ముతుంటే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్‌ఫ్రీ నంబర్ 1800 599 6969కి చెప్పొచ్చు. ఫిర్యాదు చేసేటప్పుడు కోన్‌నీ, కొన్న దుకాణం బిల్లునీ దగ్గర పెట్టుకోవాలి. బిల్లు ఇవ్వకపోతే కనీసం కోన్ ఫొటో, కొన్న తేదీ రాసుకున్నా పనికొస్తాయి.