డ్రాఫ్టు వచ్చిన ఇల్లు

1973 అక్టోబరు యుద్ధం తర్వాత కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర సుమారు నాలుగింతలైంది. ఆ సంపదతో లేచిన గల్ఫ్ నగరాలకు కూలీలు కావలసి వచ్చారు. మలబారు తీరం కదిలింది. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1998లో జరిపిన సర్వే, విదేశాలలో ఉన్న కేరళీయులు 13.6 లక్షల మంది అని అంచనా వేసింది.

మన రాజకీయ చర్చ సాధారణంగా ఈ అంకెల దగ్గరే ఆగిపోతుంది. డబ్బు ఎవరి పేరున వచ్చిందన్నది అసలు ప్రశ్న. వేరు కాపురమున్న ఇంట్లో బ్యాంకుకు వెళ్లడం, మేస్త్రీతో బేరమాడడం, పిల్లల బడిని నిర్ణయించడం భార్య పనులయ్యాయి. అత్తమామలున్న ఇంట్లో డ్రాఫ్టు మామగారి పేరున వచ్చేది. ఆమె చేయి చాచవలసిందే. పెంకుటిళ్లు మేడలయ్యాయి, ఆడపిల్లలు కాలేజీలకు వెళ్లారు, కట్నాలూ పెరిగాయి. కేరళ నమూనాను కీర్తించేవారు ఈ చివరిమాటను తరచుగా దాటవేస్తారు.

1970ల చివర ఎస్.ఎ. జమీల్ రచించిన ‘దుబాయి కత్తు పాట్టు’ భర్తకు భార్య రాసిన ఉత్తరం. పంపిన సొమ్ము తన ఒంటరితనానికి బదులు కాగలదా అని ఆమె నిలదీస్తుంది. ఆ పాట మోగిన టేప్ రికార్డర్లలో చాలావాటిని తెచ్చిందీ గల్ఫ్ డబ్బే! కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లినవారి ఇళ్లలోనైతే తొలి సంపాదన తరచుగా ఏజెంటుకు కట్టేందుకు తెచ్చిన అప్పుకే పోయేది. జమీల్ తర్వాత భర్త జవాబునూ పాటగా రాశాడు.