యాత్రావ్యయం: చంద్రగిరి సీమలో బాటసారి ఖర్చు పద్దులు – చారిత్రక పరిశీలన

సారాంశం: తెలుగు యాత్రాసాహిత్యాన్ని భక్తి, స్థలమాహాత్మ్యం, వర్ణన అనే కోణాల నుంచి విమర్శకులు విస్తృతంగా చర్చించారు. యాత్రకు అయ్యే ఖర్చును ఎవరు, ఏ విధంగా భరించారన్న విషయానికి అంత ప్రాధాన్యం లభించలేదు. 15వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం వరకు చంద్రగిరి సీమ మీదుగా తిరుమలకు సాగిన యాత్రల ఆధారంగా ఈ వ్యాసం ఆ విషయాన్ని పరిశీలిస్తుంది. యాత్రికుడి సొమ్ము బత్తెం, రుసుము, ముడుపు అనే మూడు పద్దులుగా విడిపోయి ఉండేదని, వాటిని ఎవరు భరించారన్న దాన్ని బట్టే యాత్ర ఎవరికి అందుబాటులో ఉన్నదీ తేలిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చంద్రగిరి, తిరుమల, రామానుజకూటం, ముడుపు, బత్తెం, కాశీయాత్ర చరిత్ర.

ఉపోద్ఘాతం

యజ్ఞాలకు విస్తారమైన సంభారాలు కావాలి. అవి రాజులకు, ధనవంతులకు మాత్రమే సాధ్యం. దరిద్రుడు కూడా చేయగలిగినది, యజ్ఞఫలాన్ని మించిన ఫలమిచ్చేది తీర్థయాత్ర. మహాభారతం అరణ్యపర్వంలోని తీర్థయాత్రా ఘట్టం ప్రతిపాదించిన భావమిది. ధర్మదృష్టితో చూస్తే ఇది గొప్ప సమత్వ భావన. ఆచరణలోకి వచ్చేసరికి యాత్ర ఖర్చు లేని పని కాదు. వారాల తరబడి నడిచే మనిషికి పూటపూటకూ తిండి, రాత్రికి తలదాచుకొనే చోటు కావాలి. ఏరు దాటడానికి రేవు కూలి, పొలిమేర దాటడానికి సుంకం చెల్లించాలి. ఇంటిదగ్గర ఆగిపోయిన పని వల్ల కలిగే నష్టం వీటికి అదనం. దరిద్రుడికీ సాధ్యమన్న యాత్రను నిజంగా సాధ్యం చేసింది ఎవరి సొమ్ము?

ఈ ప్రశ్నకు చంద్రగిరి సీమ తగిన క్షేత్రం. తిరుపతికి పడమర సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రగిరి సాళువ నరసింహుడికి స్థావరం. తరువాతి కాలంలో ఆరవీటి రాజులకు రాజధాని. కొండకు పోయే మెట్టుదారుల్లో ఒకటైన శ్రీవారి మెట్టు చంద్రగిరికి సమీపంలోని శ్రీనివాసమంగాపురం వైపు నుంచి మొదలవుతుంది. కంపెనీ పాలనలో తిరుపతి కూడా ఉత్తర ఆర్కాటు జిల్లా చంద్రగిరి తాలూకాలో భాగం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ జిల్లాయే కొనసాగింది. రాజ్యం మారినా పాలన మారినా యాత్రికుల దారి ఇదే కావడం వల్ల ఖర్చు పద్దుల్లోని మార్పులను ఒకేచోట గమనించే వీలుంది.

మాటల్లో నిలిచిన పద్దులు

యాత్రావ్యయానికి సంబంధించిన తొలి సాక్ష్యం భాషలోనే ఉంది. దారిలో తినడానికి తీసుకుపోయేది పాథేయం. వాడుకలో అది చద్దిమూట. ‘బత్తెం’ అన్న మాటకు మూలమైన సంస్కృత ‘భక్త’ శబ్దానికి అన్నమని అర్థం. తెలుగులో అది రోజువారీ గ్రాసానికి, క్రమంగా ఆ గ్రాసం కోసం ఇచ్చే పైకానికీ పేరైంది. తిండి నాణెంగా మారిన చరిత్ర ఈ ఒక్క మాటలో నిక్షిప్తమై ఉంది.

దారిలో భోజనం దొరికే చోట్లకు రెండు వేర్వేరు పేర్లుండడం కూడా గమనించదగినది. ‘సత్రం’ యజ్ఞ పరిభాష నుంచి వచ్చిన మాట. అక్కడ అన్నం దానం. ‘పూటకూళ్ళ ఇల్లు’ వెల చెల్లించి తినే చోటు. క్రీడాభిరామంలోని ఓరుగల్లు పూటకూటి ఇంట్లో ఒక్క రూకకు సకల వ్యంజనాలతో కూడిన భోజనం దొరుకుతుంది. వెల ఇంతని ముందుగా తెలిసినప్పుడే బాటసారి తన మూటలోని రూకలను రోజులతో భాగించుకోగలడు. ఆ పద్యంలో రుచుల వర్ణనతోపాటు ధర నమోదు కావడానికి సామాజిక చరిత్రలో ఉన్న విలువ ఇదే.

ఈ రెండింటికీ భిన్నమైనది ‘ముడుపు’. ఆపద వచ్చినప్పుడో కోరిక కోరుకున్నప్పుడో పసుపు గుడ్డలో నాణెం కట్టి దేవుడి దగ్గర ఉంచుతారు. వీలైనప్పుడల్లా దానికి మరికొంత చేరుస్తారు. ఇది పొదుపే గాని పొదుపు చేసినవాడికి దాని మీద హక్కు లేదు. ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా ముడుపు విప్పరాదన్నది లోకాచారం. మొక్కు ఆలస్యమైతే ‘వడ్డికాసులవాడు’ వడ్డీతో సహా రాబట్టుకొంటాడన్న నమ్మకం ఆ ఆచారానికి కాపలా కాసింది. దారిఖర్చు, దేవుడి సొమ్ము అనే విభజన యాత్రికుల లెక్కలకు మూలసూత్రమైంది.

కొంగున కాసు, కడుపున ఆకలి

ఈ విభజనను కళ్లకు కట్టే ఘట్టం తాళ్లపాక చిన్నన్న రచించిన అన్నమాచార్య చరిత్రములో ఉంది. బాలుడైన అన్నమయ్య ఇంట్లో చెప్పకుండా యాత్రికులతో కలిసి తిరుమలకు బయలుదేరాడు. కొండ ఎక్కుతూ మోకాళ్ళముడుపు దగ్గర ఆకలితో, అలసటతో సొమ్మసిల్లాడు. అలమేలుమంగ పెద్ద ముత్తైదువగా కనిపించి ప్రసాదం పెట్టి అతడి ఆకలి తీర్చింది. కొండ చేరిన తరువాత అదే బాలుడు తన పంచె కొంగున ముడివేసుకొన్న కాసును విప్పి స్వామికి సమర్పించాడు.

విమర్శకులు ఈ ఘట్టాన్ని దైవానుగ్రహానికి నిదర్శనంగా వ్యాఖ్యానించారు. ఖర్చు పద్దుల దృష్టితో చదివినప్పుడు మరొక అంశం తోస్తుంది. సొమ్మసిల్లేంత ఆకలి వేసినప్పుడు కూడా ఆ బాలుడి కొంగున కాసు ఉంది. అది దారిఖర్చు పద్దులోనిది కాదు, ముడుపు పద్దులోనిది. కావ్యం ఈ మాటను విప్పి చెప్పదు. చెప్పవలసిన అవసరం ఆనాటి శ్రోతకు లేదు.

ప్రసాదం పెట్టి ఆకలి తీర్చడం మహిమ మాత్రమే కాదు. చిన్నన్న అన్నమయ్యకు మనుమడు, 16వ శతాబ్దికి చెందినవాడు. అప్పటికి తాళ్లపాకవారు తిరుమల ఆలయానికి పెద్ద దాతలు. పెద తిరుమలాచార్యుడు, చిన తిరుమలాచార్యుడు చేసిన ధర్మాలను శాసనాలు పేర్కొంటున్నాయి. 1540లో శ్రీనివాసమంగాపురం ఆలయాన్ని ఉద్ధరించినవాడు చిన తిరుమలాచార్యుడే. అలసి వచ్చిన యాత్రికుడికి ప్రసాదంతో అన్నం పెట్టడం ఆ కుటుంబానికి ప్రత్యక్షంగా తెలిసిన వ్యవస్థ. కావ్యంలోని మహిమ వెనుక ఆ వ్యవస్థ నీడ ఉందని భావించడం అసంగతం కాదు.

రామానుజకూటం: దాత భరించిన బత్తెం

ఆ వ్యవస్థకు బలమైన పునాది వేసినవాడు చంద్రగిరి ప్రభువు సాళువ నరసింహుడు. తిరుమలలో, తిరుపతిలో ఆయన రామానుజకూటాలను నెలకొల్పి, వాటి నిర్వహణను కందాడై రామానుజయ్యంగారికి అప్పగించాడు. యాత్రికులైన వైష్ణవులకు ఉచితంగా అన్నం పెట్టడం వాటి పని.

అన్నదానానికి నిధులు సమకూరిన తీరును తిరుమల శాసనాలు వివరంగా తెలుపుతాయి. దాత శ్రీభండారంలో పైకం చెల్లిస్తాడు లేదా గ్రామాన్ని సమర్పిస్తాడు. ఆలయ అధికారులైన స్థానత్తారులు ఆ పైకాన్ని దేవుడి గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి వినియోగిస్తారు. నీరు పారిన భూమిలో పెరిగిన పంటతో దాత పేరిట నిత్యనైవేద్యం జరుగుతుంది. నివేదన అయిన ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందుతుంది. తమిళ శాసనాల్లో దీనిపేరు ‘విట్టవన్ విళుక్కాడు’. సాళువ నరసింహుడి ధర్మాల్లో ఈ వంతు రామానుజకూటానికి చేరింది. అసలు కరగకుండా ప్రతి ఏడూ పంట నుంచి పుట్టే ఫలమే బాటసారి విస్తరిలోకి వచ్చిందన్నమాట. ఈ ఆలయ ఆర్థిక వ్యవస్థను విశ్లేషించిన చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ సేద్యపు నీటి కోసం పెట్టిన పెట్టుబడికి ఇందులో ఉన్న కీలకస్థానాన్ని 1960లోనే నిరూపించాడు.

ఈ చిత్రాన్ని అతిగా ఆదర్శీకరించడం తగదు. రామానుజకూటంలో పంక్తి అందరికీ తెరచి ఉన్నది కాదు, శ్రీవైష్ణవులకు ఉద్దేశించినది. ప్రసాదపు వంతులను బదిలీ చేసుకొనే, అమ్ముకొనే వీలుండడం వల్ల ప్రసాదం అమ్మకపు సరుకు కూడా అయింది. ఒకే కొండ మీద ఒకడికి దానంగా అందినది మరొకడికి వెలకు దొరికింది. శాసనాలు గౌరవంతో నమోదు చేసింది దాత ఖర్చునే. 1514లో ఉదయగిరి విజయానంతరం శ్రీకృష్ణదేవరాయలు స్వామికి 30,000 వరహాలతో కనకాభిషేకం చేసిన సంగతి శిలమీద నిలిచింది. కొంగున కాసు కట్టుకొని వచ్చినవాడి లెక్క మాత్రం కావ్యంలో, లోకాచారంలో వెతుక్కోవలసిందే.

కంపెనీ కాలం: యాత్రికుడు ఆదాయ వనరు

1801లో ఆర్కాటు సీమ ఈస్టిండియా కంపెనీ ప్రత్యక్ష పాలనలోకి వచ్చింది. 1803లో కలెక్టరు స్ట్రాటన్ తిరుపతి ఆలయ వ్యవహారాలపై రెవెన్యూ బోర్డుకు నివేదిక సమర్పించాడు. 1821లో నిర్వహణ నిబంధనలు ‘బ్రూస్ కోడ్’ పేరుతో క్రోడీకృతమయ్యాయి. పాలకుడు దాత స్థానంలో ఉన్నప్పుడు సొమ్ము ఖజానా నుంచి కొండకు పోయేది. కంపెనీ హయాంలో కానుకలు, ఆర్జిత సేవల రుసుములు కొండ నుంచి ఖజానాకు చేరసాగాయి. యాత్రికుడి లెక్కలో రుసుము పద్దు పెరిగింది.

ఈ సంధికాలానికి సాక్షి ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదుల మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె దీన్ని గ్రంథస్థం చేయగా కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. తిరుపతిలో సేవలకు చెల్లించవలసిన రూకల ప్రస్తావన, కంపెనీకి అక్కడినుంచి వచ్చే రాబడి ప్రస్తావన అందులో ఉన్నాయి.

ఆ గ్రంథపు విశిష్టత మజిలీల నమోదులో ఉంది. ఊరికీ ఊరికీ నడుమ ఎన్ని ఆమడలు, దిగడానికి సత్రమో చావడో ఉందా, నీళ్లు ఎలాంటివి, అంగళ్లలో ఏ పదార్థాలు దొరుకుతాయి అన్న వివరాలు పుటపుటా కనిపిస్తాయి. సాహిత్య దృష్టితో ఇవి శుష్క వివరాలు కావచ్చు. తరువాత బయలుదేరబోయేవాడికి మాత్రం ఎన్ని రోజులకు ఎంత బత్తెం కావాలో, ఎక్కడ సరుకు మోసుకుపోవాలో, ఎక్కడ కొనుక్కోవచ్చో చెప్పే ముందస్తు అంచనా ఇవే. యాత్రాఫలాన్ని చెప్పే స్థలపురాణం స్థానంలో యాత్రాభారాన్ని చెప్పే వచనం తెలుగులో ఇక్కడ రూపుదిద్దుకొంది.

ఆనాడు ఉత్తరాది క్షేత్రాల్లో రుసుము మరింత బాహాటంగా ఉండేది. ప్రయాగలో కాలినడకన వచ్చినవాడికి సైతం తల ఒక్కింటికి రూపాయి సుంకం. గయలో శ్రాద్ధవిధుల విస్తృతిని బట్టి సుంకం మారేది. పూరీలో 1809 నిబంధన యాత్రికులను తరగతులుగా విభజించింది. మొదటి తరగతివాడు ఉత్తరం నుంచి వస్తే 10 రూపాయలు, దక్షిణం నుంచి వస్తే 6 రూపాయలు చెల్లించాలి. ఈ యాత్రా సుంకాలు 1840లో రద్దయ్యాయి. తిరుపతి నిర్వహణ నుంచి కంపెనీ 1843లో తప్పుకొని హాథీరాంజీ మఠం మహంతుకు అప్పగించింది. భక్తుల సొమ్ముతో ఖజానా నింపుకోవడాన్ని పాలకులు విడనాడినట్టే గాని, అక్కడితో యాత్రికుడి భారం తొలగిపోలేదు.

రైలు, ఘాటు దారి, అన్నదానం

19వ శతాబ్ది ముగిసేనాటికి పాకాల మీదుగా చంద్రగిరి, తిరుపతులకు మీటరు గేజి రైలు వచ్చింది. దానివల్ల యాత్రావ్యయ స్వరూపం మారింది. కాలినడకలో ఖర్చు ప్రధానంగా రోజులది. రైల్లో అది దూరానిది, తరగతిది. ఛార్జీ ముందే నిర్ణయమై ఉండడంతో ఇల్లు కదలకముందే లెక్క తేలింది. వారాల బత్తెం ఒకటి రెండు రోజుల చద్దిమూటకు కుదించుకుపోయింది. పని ఆగిపోతుందని భయపడిన కూలికి, వ్యవసాయదారుడికి ఈ ఆదా టిక్కెట్టు ధర కన్నా విలువైనది.

కొండ ఎక్కడం మాత్రం చాలాకాలం పాత పద్ధతిలోనే సాగింది. ఓపిక ఉన్నవాడు మెట్లెక్కేవాడు. వృద్ధులు, రోగులు స్తోమత ఉంటే డోలీ కట్టించుకొనేవారు, లేకపోతే కొండకింద గోవిందరాజస్వామిని సేవించుకొని వెనుదిరిగేవారు. 1933లో తిరుమల తిరుపతి దేవస్థానాల పాలక వ్యవస్థ ఏర్పడింది. 1944లో మొదటి ఘాటు రోడ్డు, 1974లో రెండోది అందుబాటులోకి వచ్చాయి. డోలీ ఖర్చు పెట్టుకోలేనివారికి బస్సు ఛార్జీతో కొండ అందింది. 1985లో దేవస్థానం మొదలుపెట్టిన నిత్యాన్నదానంతో బత్తెం పద్దు మళ్లీ దాతల ధర్మనిధి మీదికి చేరింది. రామానుజకూటంతో దీనికి పోలిక స్పష్టమే. అక్కడ పంక్తి శ్రీవైష్ణవులది, ఇక్కడ పంక్తి వచ్చినవారందరిదీ. ఆ భేదం పోలిక కన్నా ముఖ్యమైనది.

ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, తెలుగు యాత్రికుడి లెక్కలో బత్తెం, రుసుము, ముడుపు వేర్వేరు పద్దులు. బత్తెం తగ్గించుకోవచ్చు. రుసుము తప్పించుకోలేనప్పుడు చెల్లించవచ్చు. ముడుపును ముట్టుకోరాదు. ఖర్చు తగ్గించుకోవలసి వచ్చినప్పుడు యాత్రికుడు ముందుగా కోసుకొన్నది తన తిండినే. రెండవది, ఈ కారణంగా అన్నసత్రం కేవలం పుణ్యకార్యం కాదు. కోతపడే పద్దును సమాజం తన మీద వేసుకొన్న ఏర్పాటు అది. దరిద్రుడికీ సాధ్యమన్న పురాణవాక్యం నిజమైనది ఆ ఏర్పాటు ఉన్న కాలాల్లో, అది వర్తించిన వర్గాలకు మాత్రమే.

మూడవది సాహిత్య చరిత్రకు సంబంధించినది. క్రీడాభిరామంలోని రూక, అన్నమాచార్య చరిత్రములోని కాసు, వీరాస్వామయ్య రాసిన అంగళ్ల వివరాలు వర్ణనకు అనుబంధాలుగా విడిచిపెట్టవలసినవి కావు. శాసనాల్లో చోటు దక్కని సామాన్యుడి యాత్రకు మిగిలిన ఆధారాల్లో ఇవి ముఖ్యమైనవి. స్థలపురాణాలను, యాత్రాచరిత్రలను, తీర్థయాత్రా గీతాలను ఈ దృష్టితో తిరిగి పరిశీలిస్తే ఎవరు యాత్ర చేశారన్న దానితోపాటు ఎవరు చేయలేకపోయారన్నది కూడా తెలుస్తుంది.