చెక్కముక్కల చిత్రరచన: సూరత్ సాదేలి కళ

వడ్రంగి కొట్టంలో పని ముగిసిన తరువాత మిగిలే చెక్కముక్కలు సాధారణంగా పొయ్యిలోకి చేరుతాయి. పండుగ రోజుల్లో మాత్రం వాటికి కొంత గౌరవం లభిస్తుంది. క్రైస్తవ గృహాల్లో అవి క్రిస్మస్ చెట్టుకు వేలాడే నక్షత్రాలవుతాయి. తెలుగు లోగిళ్లలో బొమ్మల కొలువులోని చిన్న పీటలూ, పల్లకీలూ అవుతాయి. పండుగ వెళ్లిపోగానే ఆ వైభవమూ ముగుస్తుంది. తపతీ తీరాన గల సూరత్ నగరంలో మాత్రం పుల్లలంతటి కర్రముక్కలనే మూలద్రవ్యంగా స్వీకరించి, తరతరాలు నిలిచే వస్తువులను రూపొందించిన కళ ఒకటి వర్ధిల్లింది. దాని పేరు సాదేలి.

పదిహేడో శతాబ్దంలో సూరత్ మొగల్ సామ్రాజ్యానికి ప్రధానమైన రేవు. మక్కా యాత్రికులు ఇక్కడి నుంచే ఓడ ఎక్కేవారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1613లో ఇక్కడ తన వర్తక స్థావరాన్ని నెలకొల్పింది. పారశీక దేశంతో నిరంతర రాకపోకలున్న ఈ నగరానికి సరుకులతో పాటు చేతిపనులూ చేరుకోవడం సహజమే. సాదేలి పని షీరాజ్ నగరం నుంచి సింధు మీదుగా పశ్చిమ తీరానికి వచ్చిందన్న ప్రతీతిని జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో ప్రకటించిన భారతీయ పారిశ్రామిక కళల గ్రంథంలో నమోదు చేశారు. సూరత్‌లో ఈ వృత్తి ముఖ్యంగా పార్శీ కుటుంబాల చేతుల్లో నిలిచింది. మన 'పెట్టె'ను తలపించే గుజరాతీ మాట 'పేటీ' నుంచి పేటీగరా అనే ఇంటిపేరు ఏర్పడింది. వృత్తియే వంశనామమైందన్న మాట.

సాదేలి పనితీరు ఆసక్తికరమైనది. ఎబొనీ అనే నల్లచేవ కర్ర, చందనం, ఎర్రచేవ కర్రలు, దంతం, కొమ్ము, తగరం మొదలైన వాటిని సన్నని కడ్డీలుగా, ఎక్కువగా మూడు పలకలుగా, చీలుస్తారు. దంతంలో కొంత భాగానికి ఆకుపచ్చ రంగు ఎక్కించడమూ ఉండేది. ఈ కడ్డీలను ముందుగా అనుకున్న క్రమంలో పేర్చి, జిగురుతో అతికించి, గట్టిగా కట్టగా బిగిస్తారు. కట్ట ఆరిన తరువాత దానిని అడ్డంగా రంపంతో పలుచని బిళ్లలుగా కోస్తారు. కోసిన ప్రతి బిళ్లపైనా ఒకే నక్షత్రమో, ఒకే షట్కోణమో కనిపిస్తుంది. ఆ బిళ్లలను పెట్టెపై పక్కపక్కనే అతికించి నునుపు చేస్తే అల్లిక పూర్తవుతుంది. పెట్టె అంచులను తరచుగా దంతంతో ముగించేవారు. అంటే ఇక్కడ చిత్రం పైపైన గీసినది కాదు. కడ్డీల కట్ట పొడవునా లోపల దాగి ఉన్నది. రంపం దానిని వెలికి తీస్తుంది, అంతే.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ పెట్టెలు 'బొంబాయి పెట్టెలు' అనే పేరుతో ఇంగ్లండుకు తరలివెళ్లాయి. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనలోనూ ఇవి ప్రేక్షకులను ఆకట్టుకున్నాయి. విచిత్రమేమంటే, సూరత్ ప్రాభవం అప్పటికే సన్నగిల్లింది. కంపెనీ తన పశ్చిమ తీర కేంద్రాన్ని 1687లోనే బొంబాయికి మార్చింది. 1837లో చెలరేగిన అగ్నిప్రమాదం నగరంలో చాలా భాగాన్ని బూడిద చేసింది. సూరత్‌లో వేళ్లూనిన పనికి పేరు మాత్రం బొంబాయిది దక్కింది.

ఈ సందర్భంలో తెలుగు నేలపై విశాఖపట్నం గుర్తుకు రాక మానదు. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి పనివారు కంపెనీ ఉద్యోగుల కోసం చేసిన బల్లలూ, కుర్చీలూ, పెట్టెలూ నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్ల భద్రంగా ఉన్నాయి. వారు దంతపు పలకలపై పూలతీగలు చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపేవారు. ఆ సౌందర్యమంతా తెల్లని దంతపు పరపును ఆశ్రయించినది. ఆ పోషకులు కనుమరుగైన కొద్దీ విశాఖ పని కూడా క్షీణించి, నేడు ప్రధానంగా మ్యూజియం వస్తువుగా మిగిలింది.

సాదేలికి కూడా దంతం దూరమైంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ భారతీయ ఏనుగు దంతం వ్యాపారాన్ని, 1991 నాటి సవరణ దిగుమతి అయిన ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని నిషేధించాయి. ఏనుగుల మనుగడకు ఇది అత్యవసరమైన చర్య. సాదేలి ఈ దెబ్బను తట్టుకోగలగడానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. కట్టలో దంతపు కడ్డీ ఒకటి మాత్రమే. దాని స్థానంలో ఎముకనో, ప్లాస్టిక్‌నో పెట్టినా నక్షత్రం నక్షత్రంగానే ఉంటుంది. కొండపల్లి బొమ్మల అతుకులలో రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపిన ముద్ద పని చేసినట్లే, ఇక్కడా సామాన్య ద్రవ్యమే కళను కాపాడింది.

నేడు కొరత ద్రవ్యానికి కాదు, చేతులకు. మరమగ్గాలూ, వజ్రాల సానపట్టు కర్మాగారాలూ లక్షలాది మందికి జీవనోపాధి కల్పిస్తున్న సూరత్‌లో సాదేలి నేర్చినవారు కొద్ది కుటుంబాలకే పరిమితమయ్యారు. కడ్డీని వెంట్రుకవాసి తేడా లేకుండా చీల్చే నేర్పు పుస్తకాల్లో దొరకదు. ఏళ్ల తరబడి గురువు పక్కన కూర్చుని సాధించవలసినదే. పెట్టెను అద్దాల బీరువాలో భద్రపరచడం సులభం. కట్టను బిగించే చేయి తరువాతి తరానికి అందేలా చూడడం కష్టం. ఆ రెండవ పనిని ఆలస్యం చేస్తే ఏమి జరుగుతుందో విశాఖపట్నం పెట్టెలు మౌనంగా చెబుతూనే ఉన్నాయి.