మండుటెండల్లో గులాబీ: వంశం, వేరు, విశ్రాంతి

నర్సరీలో విరగబూసిన గులాబీ మొక్క ఇంటికి వచ్చిన తొలి వేసవిలోనే ఎండిపోవడం పొడి వాతావరణ ప్రాంతాలలో తరచూ కనిపించే అనుభవం. లోపం పెంచేవారి శ్రద్ధలో కంటే ఎంచుకున్న రకంలోనూ, అనుసరించిన పద్ధతిలోనూ ఎక్కువగా ఉంటుంది. నేడు విరివిగా లభించే హైబ్రిడ్ టీ గులాబీలలో అధిక భాగం సమశీతోష్ణ దేశాల అవసరాలకు రూపుదిద్దుకున్నవే. పగటి ఉష్ణోగ్రత సుమారు 20 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటే అవి చక్కగా పూస్తాయి. 35 డిగ్రీలు దాటితే పూలు చిన్నవవుతాయి, రేకుల సంఖ్య తగ్గుతుంది, రంగు వెలిసిపోతుంది. వాతావరణాన్ని మార్చలేనప్పుడు మొక్కను, దాని దినచర్యను మార్చుకోవాలన్నదే వేడి ప్రాంతాల పెంపకందారులు నేర్చిన పాఠం.

ఇందులో మొదటిది వంశం. ఐరోపా సంకరణకర్తలు ప్రధానంగా చలిని తట్టుకునే గుణం కోసం కృషి చేశారు. దీనికి భిన్నమైన దారిని ఎంచుకున్నవారు ఆంధ్రప్రదేశ్ క్యాడర్‌కు చెందిన మాజీ ఐఏఎస్ అధికారి ఎం.ఎస్. వీరరాఘవన్. స్వచ్ఛంద పదవీ విరమణ అనంతరం కొడైకెనాల్‌లో స్థిరపడిన ఆయన, ఉష్ణ ప్రాంతాలకు అనువైన రకాల కోసం భారతదేశపు అడవి గులాబీలను ఆశ్రయించారు. తూర్పు భారతం, బంగ్లాదేశ్‌ల నదీతీరాలలో, చిత్తడి నేలలలో పెరిగే రోజా క్లైనోఫిల్లా వాటిలో ఒకటి. తెల్లని ఐదు రేకుల పూలుండే ఈ మొక్క మైదానాల వేడిని తట్టుకుంటుంది. మణిపూర్, మయన్మార్ కొండలలోని రోజా జైగాంటియా మరొకటి. చలి దేశాలలో నిలవదని పక్కనపెట్టిన ఈ తీగజాతితోనే ఆస్ట్రేలియాకు చెందిన అలిస్టర్ క్లార్క్ 1924లో 'లొరైన్ లీ' అనే ప్రసిద్ధ రకాన్ని అందించారు.

రెండవది వేరు. మార్కెట్‌లోని మొక్కలు చాలావరకు వేరొక గులాబీ వేరుమూలంపై కన్ను అంటు కట్టినవి. పూవు ఏ రకమైనా, నేలతో పోరాడేది ఈ వేరే. ఉత్తర భారతంలోని క్షారగుణం గల నేలలకు రోజా ఇండికా ఒడొరాటా వేరుమూలాన్ని వాడుతారు. ఫ్లోరిడా, పశ్చిమ ఆస్ట్రేలియా ఇసుక నేలలలో రోజా ఫార్చునియానాకు ప్రాధాన్యం ఉంది. కాబట్టి మొక్క కొనేటప్పుడు పూల రంగుతో పాటు అది ఏ వేరుపై కట్టినదో అడిగి తెలుసుకోవడం మేలు.

మూడవది విశ్రాంతి. చలి దేశాలలో గులాబీ శీతాకాలంలో నిద్రిస్తుంది. మన మైదానాలలో శీతాకాలమే పూల కాలం. మొక్కకు విశ్రాంతి అవసరమయ్యేది వేసవిలోనే. అందువల్ల ప్రధాన కత్తిరింపును వర్షాలు తగ్గాక, సాధారణంగా అక్టోబరులో చేస్తారు. సుమారు ఆరేడు వారాలలో పూలు వస్తాయి. ఏప్రిల్, మే నెలలలో గట్టి కత్తిరింపు పనికిరాదు, ఎందుకంటే ఆకులే కాండానికి నీడ. ఆ రోజులలో ఎరువులు ఆపి, మొగ్గలను తుంచివేస్తే మొక్క బలం వృథా కాదు.

నీటి విషయంలోనూ అలవాటు మారాలి. రోజూ పైపైన చల్లే నీరు వేళ్లను పైపొరలోనే ఉంచి ఎండకు బలిచేస్తుంది. వ్యవధి ఇచ్చి లోతుగా తడపడం ఉత్తమం. మొదలు చుట్టూ ఐదారు సెంటీమీటర్ల మందంతో ఎండుటాకులు లేదా వరిగడ్డి పరచాలి, అయితే అవి కాండానికి తగలరాదు. మెరుగు పూయని మట్టికుండను మెడవరకు పాతిపెట్టి నీరు నింపితే, అది గోడల గుండా ఊరి వేళ్లకు నెమ్మదిగా అందుతుంది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి వివరణ ఉంది. బోరునీటిలో సున్నపు గుణం అధికమైతే లేత ఆకులు పసుపు రంగులోకి మారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇది సాధారణంగా ఇనుము అందకపోవడానికి సూచన. అదనపు నీటితో అది తీరదు.

థార్ ఎడారి అంచున ఉన్న రాజస్థాన్‌లోని పుష్కర్ గులాబీ తోటలకు ప్రసిద్ధి. అక్కడి రైతులు పండించేది గుల్కంద్, అత్తరు, ఎండు రేకుల కోసం వాడే సువాసన గల దేశవాళీ గులాబీలను. ప్రదర్శనలలో బహుమతులు పొందే పెద్ద పూలను కాదు. నేలకు తగిన మొక్కను ఎంచుకుంటే ఎడారి అంచున సైతం గులాబీ జీవనాధారం కాగలదనడానికి ఆ తోటలే నిదర్శనం.