పద్మినీ కారును, నేటి డిజైరును

ముంబయి వీథులలో నలుపు పసుపు రంగుల పద్మినీ టాక్సీ 2023 అక్టోబరు నెలాఖరుతో అంతరించినది. ఆ నగరమున టాక్సీకి 20 సంవత్సరములే ఆయుఃపరిమితి. కడపటి పద్మిని 2003 అక్టోబరు 29వ తేదీన తాడ్‌దేవ్ రవాణా కార్యాలయమున నమోదైనది గనుక లెక్క అంతటితో సరిపోయినది. ఆ వార్త చదివి మేమును కంట తడి పెట్టితిమి. ఏలయన, తెలుగు కామాఠీలు తమ పేరిచ్చిన కామాఠిపురమునకు పొట్ట చేతబట్టుకొని వచ్చిన మా మేనమామ, ఆ బండిని నడిపియే మువ్వురు ఆడుబిడ్డలకు పెండ్లిండ్లు చేసెను. అయినను, "పాతది ఉక్కు, నేటిది రేకు డబ్బా" అను మాట మా యింట వినవచ్చినపుడెల్ల, గుమాస్తా బుద్ధి గనుక, రెండు పద్దులను ప్రక్కప్రక్కన వ్రాసి చూడవలెనని మాకు తోచెడిది.

వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ కుర్లా కర్మాగారమున మొదట అమెరికా బండ్లను, పిదప ఇటలీ దేశపు ఫియట్లను కూర్చెడిది. 1964లో వచ్చిన ఫియట్ 1100 డిలైటే 1970 దశకమున ప్రెసిడెంటనియు, పిమ్మట పద్మిని యనియు పేరు మార్చుకొన్నది. పేరు మారినను యంత్రము మారలేదు: 1089 సి.సి., రమారమి 40 అశ్వశక్తి. దీనికి సాటిగా మా కుమారుడు కొనిన మారుతీ డిజైరును గైకొంటిమి. దాని యంత్రము 1197 సి.సి.; శక్తి 80కి పైమాట.

వింత యేమనగా, రెండును నాలుగు మీటర్ల లోపలివే. పద్మిని పుట్టుకతోనే పొట్టిది; డిజైరును పొట్టి చేసినది సుంకము. 2006 కేంద్ర బడ్జెటున, నాలుగు మీటర్ల పొడవును 1200 సి.సి. పెట్రోలు యంత్రమును మించని కార్లకు ఎక్సైజు సుంకము 24 నుండి 16 శాతమునకు తగ్గెను. 2008 నాటి తొలి డిజైరు ఆ గీటు దాటియుండగా, 2012లో వెనుక భాగమును కుదించి 3995 మిల్లీమీటర్లకు తెచ్చిరి. నిబంధనకు సరిపడునట్లు జాబును కుదించుట మా ఉద్యోగమున ఎరుగుదుము గాని, కారును కుదించుట ఇదియే వినుట.

పద్మినిలో యంత్రము నిలువుగా నుండి వెనుక చక్రములను త్రిప్పును. డిజైరులో అడ్డముగా నుండి ముందు చక్రములనే త్రిప్పును. అందుచే క్రొత్త దానిలో కాళ్లు చాచుకొనుటకు తావెక్కువ. పాతదానిలో గేరు కడ్డీ స్టీరింగు ప్రక్కనే యుండుటచే ముందరి పొడుగు సీటున మరియొకడు ఇరుకుకొని కూర్చుండెడివాడు. కార్బురేటరు మొరాయించినచో మా మామ కాలిబాట ప్రక్కన మూత యెత్తి, గుడ్డపీలికతోను నోటితో ఊదియు బాగుచేసి సాగిపోయెడివాడు. ఈ సౌఖ్యము నేటి బండికి లేదు. కంప్యూటరు తగిలించనిదే రోగము తెలియదు.

ఇక ఉక్కు మాట. మామ తొలినాళ్లలో వేరొక పాత బండిని నడుపుచుండగా, ముందున్న లారీ హఠాత్తుగా ఆగినది. స్టీరింగు రొమ్మునకు తగిలి ఆయన రెండు నెలలు మంచము పట్టెను. బండికి చిన్న సొట్టయే పడినదని అందరును బండిని మెచ్చుకొనిరి. ఆయన ప్రక్కటెముకల మాట ఎవ్వరును ఎత్తలేదు. అది ఎవరి తప్పును గాదు, నాటి బండ్లకు నడుము పట్టీయే వాడుకలో లేదు. బండి మడగనిచో ఆ దెబ్బ లోనివానికి చేరును. నేటి బండి ముక్కు మడగుటకే చేయబడినది. కూర్చుండు గది నిలుచును. 2024లో వచ్చిన డిజైరునకు ఆరు గాలి సంచులు గలవు. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు ఐదు నక్షత్రములు లభించినవి.

పద్మినిపై మమత యంతయు దాని గుణమువలననే కలిగినది గాదు. 1959 నాటి ప్రభుత్వపు ఉత్తరువుచే కార్ల పంపిణీయు అమ్మకమును కట్టడిలో నుండెను. పైకము ముందే కట్టి ఏండ్ల తరబడి కాచుకొన్న వస్తువు ముద్దుగానే యుండును గదా! 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినదాక జనులకు ఎన్నుకొనుటకు పెద్దగా ఏమియు లేదు.

మొన్న మామను డిజైరులో ఆసుపత్రికి తోడుకొని పోయితిమి. దిగిన పిదప మూత తెరువుమనెను. కొంతసేపు చూచి, "చేయి పెట్టే సందు లేదురా అల్లుడా" అని తానే మూసెను. తిరుగు ప్రయాణమున మాత్రము, మేము చెప్పకమునుపే పట్టీ లాగి బిగించుకొనెను.