పొలిమేర నక్క

నక్క అంటే ఫాక్స్ అని బడిలో నేర్చుకున్నాం. తప్పు అక్కడే మొదలైంది. మన ఊళ్ళ బయట సందెవేళ ఊళ పెట్టేది ఫాక్స్ కాదు, జాకాల్. ఫాక్స్ అనదగింది గుంటనక్క. అది పిల్లి కన్నా కాస్త పెద్దగా, తోక కొస నల్లగా ఉంటుంది, బీడులో బొరియ తవ్వుకుని పురుగో ఎలుకో తిని బతుకుతుంది. ఈ రెండింటికీ పెద్దన్న తోడేలు. పాలమూరు చెల్కల్లో ఈ మూడూ తరతరాలుగా మనుషుల పక్కనే బతికాయి. అయినా నక్కను కథలో తప్ప పుస్తకంలో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. పులి చరిత్ర రాసినవాళ్ళున్నారు, ఏనుగు చరిత్ర రాసినవాళ్ళున్నారు. నక్క చరిత్ర రాయాలంటే అడవి కాగితాలు చాలవు, ఊరి కాగితాలూ తిరగేయాలి. ఎందుకంటే నక్క అడవి జంతువు కాదు, పొలిమేర జంతువు.

బల్మూర్ కూడా పొలిమేర ఊరే. ఒకవైపు నల్లమల గుట్టలు, మరోవైపు అచ్చంపేట, నాగర్‌కర్నూల్ దాకా పల్లి, పత్తి, జొన్న, ఆముదం చేలు. 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడేదాకా ఇదంతా మహబూబ్‌నగర్ జిల్లా, అంటే పాలమూరు. ఈ నేలలో గొల్లకురుమల గొర్ల మందలున్నాయి, లంబాడీ తండాలున్నాయి, గుట్టల మీద చెంచులున్నారు. గుట్టకూ చేనుకూ నడుమ బంచరాయి ఉండేది. రాళ్ళూ తుప్పలూ రేగుచెట్లూ తప్ప ఏమీ పండని ఆ బీడులోనే నక్క సంసారం.

పాత సాహిత్యంలో నక్క ఎప్పుడూ కొలువులోనో వల్లకాటిలోనో కనిపిస్తుంది. పంచతంత్రంలో సింహం కొలువు నడిపే కరటక దమనకులు నక్కలే. ఆ రెండు పేర్లూ ఆరో శతాబ్దిలో పహ్లవీలోకి, ఎనిమిదో శతాబ్దిలో అరబ్బీలోకి వెళ్ళి కలీలా, దిమ్నా అయ్యాయి. తెలుగు పిల్లలకు మాత్రం వాటిని చిన్నయసూరి 1853లో నీతిచంద్రికతో పరిచయం చేశాడు. జిత్తులమారి అన్న ముద్ర మన బుర్రల్లో అంత గట్టిగా పడటానికి ఆ పాఠం కారణం కొంతైనా ఉంది. నాకైతే శాంతిపర్వంలోని గృధ్రగోమాయు సంవాదమే ఇంకా నిజమైన నక్క కథ. తిక్కన తెనిగించిన పర్వమే అది. చనిపోయిన పిల్లవాణ్ని శ్మశానానికి తెచ్చి బంధువులు ఏడుస్తుంటారు. పొద్దు ఉండగానే ఇంటికి వెళ్ళమంటుంది రాబందు. తొందరెందుకు, చీకటి పడేదాకా ఉండమంటుంది నక్క. రెండూ వేదాంతమే చెబుతాయి. రాబందు పగలు తింటుంది, నక్క రాత్రి తింటుంది, అసలు తేడా అంతే. ఆ కథ కట్టినవాడెవరో గానీ శ్మశానం దగ్గర కూర్చుని నక్కను చూసినవాడే.

సామెతలు ఇంకో సాక్ష్యం. అదృష్టం కలిసొచ్చినవాణ్ని నక్క తోక తొక్కొచ్చాడంటాం. తొక్కాలంటే ముందు కాళ్ళకు అడ్డంపడేంత దగ్గరగా నక్క ఉండాలి కదా! అసలు హెచ్చుతగ్గులు చెప్పాల్సి వస్తే నక్కకూ నాగలోకానికీ అంటాం. నాగలోకం ఎవరూ చూడలేదు. నక్కను చూడనివాడు లేడు.

ఇంత దగ్గరగా బతకడానికి ఒక ఏర్పాటు ఉండేది. దానికి ప్రేమ అని పేరు పెట్టడం మన కాలపు అలవాటు. నిజానికి అది లెక్క. ఊళ్ళో గొడ్డు చస్తే చర్మం ఒలిచి కళేబరాన్ని ఊరి బయట వదిలేసేవాళ్ళు. పగలు రాబందులు, రాత్రి నక్కలు దాన్ని శుభ్రం చేసేవి. పాతిపెట్టిన గోరీ మీద రాళ్ళు పేర్చి ముళ్ళకంప కప్పేవాళ్ళు. ఆ కంప అలంకారానికి కాదు, నక్క తవ్వకుండా. చెరువు కింద పొలంలో ఎండ్రికాయల్ని, ఎలుకల్ని తింటే అది రైతుకు లాభం. పల్లికాయ తవ్వితే, కోడిని ఎత్తుకుపోతే నష్టం. రెండూ కలిపి చూసుకుంటే ఏ పక్కకూ పెద్ద తేడా పడేది కాదు. మంచె మీద పడుకున్న కాపలావాడు డబ్బా మోగిస్తే నక్క పక్క చేలోకి పోయేది. పక్క చేనివాడు తన డబ్బా మోగించేవాడు.

తోడేలుతో లెక్క అంత తేలిక కాదు. అది నేరుగా మంద మీదికే వస్తుంది. ఎండాకాలం కోతలైన చేలల్లో ఎరువు కోసం రైతులు గొర్ల మందను పెట్టించుకుంటారు, కాపరికి గింజలో డబ్బో ఇస్తారు. ఆ రాత్రులే తోడేలుకు అదను. దాన్ని ఆపడానికి చుట్టూ ముళ్ళకంప, మధ్యలో నెగడు, నలుగురు వంతులేసుకుని మేలుకోవడం, రెండు మూడు కుక్కలు. దక్కన్ అంతటా కాపరుల్లో కనిపించే ఒక ధోరణి ఇక్కడ చెప్పుకోవాలి. ఏడాదికి ఒకటో రెండో గొర్రెలు తోడేలు పాలవడాన్ని వాళ్ళు దొంగతనంగా చూడరు, వాటాగా చూస్తారు. బల్మూర్ మండలంలో మైలారం అనే ఊరుంది. ఆ పేరు వింటే మైలారుదేవుడు, అంటే మల్లన్న, గుర్తొస్తాడు. కురుమల దేవుడైన మల్లన్న పక్కన బొమ్మల్లో కుక్క ఉంటుంది. మందను కాచే కుక్కకు దేవుడి పక్కన చోటిచ్చిన జనం వీళ్ళు.

ఇక నక్క పేరునే కులం పేరుగా మోసినవాళ్ళు నక్కలోళ్ళు. తమిళంలో నరికురవలు. ఉచ్చులేసి నక్కను పట్టి మాంసం తిన్నారు, నక్కకొమ్ము పేరుతో తాయెత్తులు అమ్మారు. నక్కకు కొమ్ముండదు. చర్మమూ వెంట్రుకలూ చుట్టి తయారుచేసిన సరుకది. అయినా వ్యాపారంలో నెగ్గడానికీ కోర్టులో గెలవడానికీ అది పనికొస్తుందని కొన్నవాళ్ళు తక్కువేం కాదు. జిత్తులమారి ఎవరో మీరే చెప్పండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నక్కల కులాన్ని 2002 నాటి సవరణ చట్టంతో షెడ్యూల్డు తెగల్లో చేర్చారు.

మనుషులకూ ఈ జంతువులకూ నడుమ ఉన్న ఏర్పాటుకు బయటి నుంచి మొదటి దెబ్బ తెల్లవాళ్ళ ఏలుబడిలో తగిలింది, అయితే అది ఎక్కువగా సర్కారు జిల్లాల వైపు. క్రూరమృగాన్ని చంపి తోలు తెస్తే ఇనాం ఇచ్చేవాళ్ళు. చరిత్రకారుడు మహేష్ రంగరాజన్ లెక్క ప్రకారం 1875 నుంచి 1925 దాకా ఆ ఇనాముల కోసం చంపిన తోడేళ్ళు 2 లక్షలు, పులులు 80 వేలకు పైగా. పులి కన్నా తోడేలు ఎక్కువ చచ్చింది, కానీ దాని పక్కన కాలు పెట్టి ఫోటో దిగినవాళ్ళు తక్కువ. నిజాం రాజ్యంలో కథ వేరు. అమ్రాబాద్ గుట్టలు షికారు అడవులు, ఫర్హాబాద్ పేరు ఆ కాలానిదే. షికారుకు పులి కావాలి, దుప్పి కావాలి. నక్కతో ఎవరికీ పనిలేదు. అప్పట్లో అది నక్కకు మంచిదే అయింది. 1940లో మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ ఈ పీఠభూమి మీద చెంచులతో ఉండి, 1943లో వాళ్ళ మీద పుస్తకం అచ్చువేశాడు. దాని తర్వాత ప్రపంచానికి అమ్రాబాద్ అంటే చెంచులు, చెంచులంటే అడవి అయింది. కింద చెల్కల్లో బతుకుతున్నవాళ్ళ సంగతీ, వాళ్ళ పక్కన బతుకుతున్న జంతువుల సంగతీ ఎవరూ అంత శ్రద్ధగా రాయలేదు.

స్వతంత్రం వచ్చాక గీతలు గీయడం మొదలైంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది, 1983లో అది ప్రాజెక్ట్ టైగర్‌లోకి వెళ్ళింది. రాష్ట్రం విడిపోయాక, 2015లో, తెలంగాణ వైపు భాగం 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. తోడేలు చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. నక్కను రెండో షెడ్యూలు నుంచి మొదటిదానికి మార్చింది 2022 సవరణ. కాగితం మీద ఈరోజు నక్కదీ పులిదీ ఒకటే హోదా. అయితే గీత లోపల పులి ఉంటుంది, తోడేలూ గుంటనక్కా చాలావరకు గీత బయటే ఉంటాయి. అడవి శాఖకు అది అడవి కాదు. రెవెన్యూ శాఖకు అది బంజరు.

నా లెక్కలో అసలు మార్పు చట్టాలతో రాలేదు, రాబందు పోవడంతో వచ్చింది. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ సూది, ఆ కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలను దెబ్బతీసింది. 1990లలో మొదలైన ఆ చావుల్లో తెల్లవీపు రాబందులు దేశంలో 99 శాతానికి పైగా పోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించేసరికే ఆలస్యమైంది. శాంతిపర్వం సంవాదంలో ఒక పక్షం లేకుండా పోయింది. మిగిలిన మాంసం నక్కకు దక్కిందా అంటే అదీ లేదు. ఊరకుక్కలకు దక్కింది. కోళ్ళ దుకాణాల చెత్త, రోడ్ల పక్క దాబాల ఎంగిళ్ళు తోడై కుక్కలు పెరిగాయి. కుక్క నక్కకు చుట్టమే, పోటీ కూడా చుట్టాల పోటీలాగే ఉంటుంది. రేబీస్, డిస్టెంపర్ లాంటి జబ్బులు కుక్కల నుంచి నక్కలకూ తోడేళ్ళకూ అంటుతాయి. పుణె దగ్గర తోడేలుకూ కుక్కకూ పుట్టిన సంకరాన్ని 2023లో జన్యుపరీక్షతో గుర్తించారు.

పిచ్చినక్క కరిచిందన్న మాట మన పెద్దవాళ్ళకు కొత్త కాదు. కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో తయారైన ఆ పాత మందును గొర్రె మెదడు నుంచి తీసేవాళ్ళు. గొర్రె కోసం వచ్చిన నక్క కరిస్తే గొర్రె మెదడే మందు! 2004 చివరికి దేశంలో ఆ రకం టీకా ఆపేశారు. సూదులు తగ్గాయి గానీ, కరిచిన జంతువు ఏదైనా వెంటనే సబ్బుతో కడిగి టీకాకు పరుగెత్తాల్సిందే.

తర్వాత నేల మారింది. బోర్లు పడ్డాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల ఉచిత కరెంటు వచ్చింది. బంచరాయిలో రాళ్ళు ఏరి చేను చేశారు, కొంత ప్లాట్లయింది, గుట్టలు క్వారీలయ్యాయి. మైలారం గుట్ట మీద తవ్వకాలు వద్దంటూ ఊరు ఎదురుతిరిగిన సంగతి 2025 జనవరిలో పత్రికలన్నీ రాశాయి. గుట్ట అంటే నక్క బొరియ కూడా. అడవిపందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ కడుతున్నారు, నాటుబాంబులు పెడుతున్నారు. ఆ తీగకు పందీ నక్కా తేడా తెలియదు. రాత్రి నీళ్ళు కట్టడానికి వెళ్ళిన మనుషులూ వాటికి బలైపోయారు.

అదే సమయంలో గొర్రెలు పెరిగాయి. 2017 జూన్‌లో మొదలైన పథకం కింద 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచారు. 2019 పశుగణనలో తెలంగాణ 1.9 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. మేసే నేల తగ్గుతుంటే మేసే నోళ్ళు పెరిగాయి. గుట్టల వైపు మంద ఇంకాస్త లోపలికి పోయింది. దక్కన్‌లో తోడేలు ఇంకా మిగిలిందంటే ఆ మందల పుణ్యమే. దేశం మొత్తం మీద తోడేళ్ళు సుమారు 3 వేలే ఉంటాయని పరిశోధకుల అంచనా, అంటే పులుల కన్నా తక్కువ.

నగరం పెరిగినప్పుడు నక్క ఏం చేస్తుందో హైదరాబాద్‌లో చూడొచ్చు. కేబీఆర్ పార్కులో, పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలాల్లో నక్కలున్నాయి. కంచ గచ్చిబౌలి పేరులోని కంచ అంటే పశువులు మేసే బీడే. అక్కడి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడాన్ని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 3న ఆపింది. ఆ వివాదంలో జింకలూ నెమళ్ళూ వార్తలకెక్కాయి. నక్క పేరు పెద్దగా రాలేదు. రాకపోవడమే దాని తెలివి అనిపిస్తుంది అప్పుడప్పుడు.

పాలమూరు నుంచి అమెరికా వెళ్ళిన పిల్లలకు నక్కతో ఈ చుట్టరికం అక్కడా ఎదురవుతోంది. మనవాళ్ళు గుంపుగా ఉండే టెక్సస్‌లోని ఫ్రిస్కోలో 2018 చివర కయోటీ ఒకటి వరసగా కొందరి మీద పడి కరిచింది. కయోటీ అక్కడి నక్కే అనుకోవచ్చు. తోడేళ్ళను చంపేశాక ఖాళీ అయిన నేలలోకి అది వ్యాపించింది. తుపాకులతో, విషాలతో వందేళ్ళు చంపినా తగ్గలేదు. గుంపు చెదిరితే మిగిలినవి ఇంకా ఎక్కువ పిల్లల్ని పెడతాయి. 2000 నుంచి షికాగోలో వాటికి రేడియో పట్టీలు కట్టి చదువుతున్నారు. అవి ఎక్కువగా ఎలుకల్ని, కుందేళ్ళను తింటూ మనిషికి దొరక్కుండా తిరుగుతాయనీ, తిండి పెట్టి మచ్చిక చేసినచోటే గొడవ వస్తుందనీ అక్కడివాళ్ళు తేల్చారు. కుక్కగిన్నె బయట పెట్టకండి, చెత్తడబ్బా మూత వేయండి అని కాలనీలకు చెబుతున్నారు. బల్మూర్ నానమ్మ కోళ్ళగంపను రాత్రి ఇంట్లోకి తెచ్చుకోవడం కూడా ఆ కోవలోదే. ఆమెకెవరూ చెప్పలేదు.

కాపరి సంగతికొస్తే, అడవి జంతువు గొర్రెను చంపితే పరిహారం ఉంది. అందుకు కళేబరం చూపించాలి, పంజా గుర్తు చూపించాలి. తోడేలు గొర్రెను ఎత్తుకుపోతుంది. చూపించడానికి ఏమీ మిగలదు. దరఖాస్తు కోసం మందను వదిలి ఒక రోజు అచ్చంపేట పోతే ఆ రోజు ఇంకో గొర్రె పోతుంది. అందుకని చాలామంది పోరు.

బల్మూర్ దగ్గరి కొండనాగుల వైపు చేలల్లో రాత్రి మంద దిగితే ఇప్పుడు చుట్టూ ముళ్ళకంప కాదు, నైలాన్ వల కడతారు. మూలకొకటి ఛార్జింగ్ లైటు వేలాడుతుంది. మంద కుక్కలు మాత్రం పాత పద్ధతే. గుట్టవైపు తిరిగి మొరిగితే వచ్చింది తోడేలో నక్కో అనీ, ఊరివైపు తిరిగి మొరిగితే ఊరకుక్కల గుంపు అనీ కాపరి లేవకుండానే చెప్పేస్తాడు. ఈమధ్య అవి ఎక్కువగా ఊరివైపే మొరుగుతున్నాయి.